కాపడం, ఎర్ర దీపం

డిసెంబర్ 9, 2024. కరీంనగర్

మోకాలి నొప్పికి వచ్చే బ్యాంకు సారు ఇవాళ ఫోన్‌లో ఒక వీడియో చూపించారు. చెక్కతో కట్టిన చిన్న గది, లోపల సెగ, గోడకు ఎర్ర లైట్ల ప్యానెల్. అరగంట కూర్చుంటే నొప్పులు పోతాయట, చర్మం నిగనిగలాడుతుందట, గుండె గట్టిపడుతుందట. "మేడం, మీ దగ్గర ఉన్నది కూడా ఎర్ర లైటే గదా, దాన్నే ఇంకొంచెం ఎక్కువసేపు పెట్టరాదు?" అని అడిగారు. మంచి ప్రశ్న. వెనక నలుగురు వరుసలో ఉండటంతో రెండు ముక్కల్లో చెప్పి పంపాను. దానికి పూర్తి జవాబు ఇక్కడ రాసుకుంటున్నాను.

మా గదిలో ఉన్నది ఇన్‌ఫ్రారెడ్ ల్యాంప్. కరీంనగర్ మంకమ్మతోట నుంచి మంచిర్యాల దాకా ఏ ఫిజియోథెరపీ గదికి పోయినా స్టాండు మీద ఇదే కనిపిస్తుంది. బల్బు గాజుకు ఎర్ర రంగు ఉంటుంది కాబట్టి వెలుగు ఎర్రగా పడుతుంది. పని చేసేది మాత్రం కంటికి కనిపించని పరారుణ కిరణం, అది ఇచ్చే వేడి. అది చర్మం కింద కొన్ని మిల్లీమీటర్ల లోతుకు చేరుతుంది. రక్తనాళాలు విచ్చుకుంటాయి, బిగిసిన కండరం వదులవుతుంది, ఆ తర్వాత కాలు వంచమంటే వంగుతుంది. వ్యాయామానికి దారి చేయడానికే దీపం. దీపం పెట్టించుకుని వ్యాయామం చేయకుండా లేచి వెళ్లేవారికి సాయంత్రానికి నొప్పి మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అందరూ రెడ్ లైట్ థెరపీ అంటున్నది వేరు. ఎల్‌ఈడీ లైట్లు 630 నుంచి 670 నానోమీటర్ల ఎరుపు వెలుగును, 810 నుంచి 850 దాకా కంటికి కనిపించని పరారుణాన్ని ఇస్తాయి. వేడి నామమాత్రం. కణం లోపల మైటోకాండ్రియాలో సైటోక్రోమ్ సి ఆక్సిడేజ్ అనే ఎంజైము ఆ వెలుగును పీల్చుకుంటుందని, దాంతో కణం శక్తి తయారీ పుంజుకుంటుందని, వాపు తగ్గుతుందని శాస్త్రజ్ఞులు వివరిస్తారు. రష్యా శాస్త్రవేత్త టీనా కరూ ఈ దారిలో ఎక్కువ కృషి చేశారు. ఇక వీడియోలోని చెక్క గది, అంటే సౌనా, ఒళ్లంతటినీ వేడి చేయడానికి.

ఒకటి వేడితో ఒక్క చోట పని చేస్తుంది, ఒకటి వెలుగుతో, ఇంకొకటి ఒళ్లంతా కాకతో. ఈ మూడింటినీ ఒక్కటే అనుకోవడం వల్లే ఎక్కడ ఎంతసేపు, ఎవరికి, ఏ దూరంలో అన్న లెక్క తప్పుతోంది.

డిసెంబర్ 12

రాత్రి పాత నోట్సు తీశాను. వెలుగుతో వైద్యం చేసినందుకు నోబెల్ బహుమతి పొందిన మనిషి నీల్స్ ఫిన్సెన్. ఫారో దీవుల్లో పుట్టాడు, డెన్మార్క్‌లో పని చేశాడు, 1903లో బహుమతి వచ్చింది. ఆ బహుమతి చర్మానికి సోకే క్షయకు చేసిన చికిత్సకు. అందులో వాడింది ఊదా, అతినీలలోహిత కిరణాలు. ఎరుపుతో కూడా ఆయనకు సంబంధం ఉంది. 1893లో మశూచి రోగులను ఎర్ర వెలుగు గదుల్లో ఉంచితే మచ్చలు తక్కువ పడతాయని రాశాడు. మిగతా కిరణాలు పుండును రేపుతాయి కాబట్టి వాటిని ఆపేసి ఎరుపును మాత్రమే వదలాలన్నది ఆయన ఆలోచన.

ఆ తర్వాతి మలుపు బుడాపెస్ట్‌లో. 1960లో మొదటి రూబీ లేజర్ వెలిగింది. ఏడేళ్లకు, 1967లో, హంగరీ డాక్టరు ఎండ్రె మెస్టర్ ఆ లేజరును తక్కువ శక్తితో ఎలుకల మీద ప్రయోగించాడు. క్యాన్సర్ వస్తుందా అని చూడబోతే, గీసిన చోట వెంట్రుకలు మిగతా ఎలుకలకంటే తొందరగా మొలిచాయి. తర్వాత మానని పుండ్ల మీద వాడాడు. ఇవాళ జుట్టుకూ, ముఖానికీ అమ్ముతున్న ఎర్ర టోపీలు, మాస్కులు అన్నింటి మూలం ఆ ఎలుకల దగ్గరే ఉంది.

డిసెంబర్ 15, ఆదివారం

సెలవే అయినా బీడీలు చేసే అక్క వచ్చింది. వారం రోజుల్లో ఆమెకు తీరేది ఇవాళ ఒక్కటే. ఒళ్లో చాట, చాటలో తునికాకు, జర్దా, చేతిలో కత్తెర. పొద్దున కూర్చుంటే తల వంచిందే వంచడం. ఆ ఆకు ఆదిలాబాద్ అడవుల నుంచి కూడా వస్తుంది. ఆమె మెడ ఎముకల పక్కన కండరం తాడులా బిగిసి ఉంటుంది, కుడి చేతి వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

"డాక్టరమ్మా, గా ఎర్రలైటు మెడ మీద వెడ్తే నరాలు సాఫ్ అయితయా?" అని అడిగింది. పక్కింటి పిల్ల చెప్పిందట.

నిజంగా ఆధారం ఉన్న చోటు ఇదే అని నాకు సంతోషం కలిగింది. 2009లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ మెడనొప్పికి తక్కువ శక్తి లేజరు వాడిన 16 పరీక్షలను, 820 మంది రోగులను కలిపి లెక్క కట్టింది. కొత్త నొప్పి వెంటనే తగ్గింది, పాత నొప్పి ఉన్నవాళ్లకు చికిత్స అయిపోయాక 22 వారాల దాకా ఉపశమనం నిలిచింది. మోకాళ్ల అరుగుదల మీద 2019లో బీఎంజే ఓపెన్‌లో వచ్చిన విశ్లేషణ ఇంకా ముఖ్యమైన సంగతి చెప్పింది. సిఫారసు చేసిన మోతాదులో వెలుగు ఇచ్చిన పరీక్షల్లో నొప్పి తగ్గింది, మోతాదు తప్పిన చోట తేడా కనబడలేదు. క్యాన్సర్ రోగుల విషయం మరీ స్పష్టం. కీమో, రేడియేషన్ల వల్ల నోరంతా పూసి మెతుకు మింగలేని వారికి ఆ పూత రాకుండా ఈ వెలుగు చికిత్స ఇవ్వాలని 2020లో అంతర్జాతీయ నిపుణుల సంఘం మార్గదర్శకాల్లో చేర్చింది. ముఖం మెరుపు గురించి ఇంత ప్రచారం జరుగుతున్నప్పుడు, మింగలేక ఏడ్చే మనిషికి ఇది పనికొస్తుందన్న మాట ఎవరూ గట్టిగా చెప్పకపోవడం నాకు బాధగా ఉంటుంది.

అక్కకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. మా దగ్గర ఉన్న లేజరు ప్రోబ్ మెడ మీద పెడతాను, నొప్పి తగ్గుతుంది, కానీ చాట ఒళ్లో ఉన్నంత కాలం మళ్లీ వస్తుంది. చాటను ఎత్తు పీట మీదికి మార్చుకోమన్నాను, వంద బీడీలకు ఒకసారి లేచి భుజాలు వెనక్కి తిప్పమన్నాను. "లేస్తే లెక్క తక్కువైతది అమ్మా" అంది. ఆమె కూలి అంతా లెక్కలోనే ఉంది. అందుకే కూర్చున్న చోటే చేసే మూడు కదలికలు నేర్పి పంపాను.

డిసెంబర్ 21. ఆదిలాబాద్

మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా నిర్మల్ దాటి ఘాటు ఎక్కేసరికే చలి కారు అద్దాల మీద తెలిసింది. ఇక్కడ డిసెంబర్‌లో రాత్రి పది డిగ్రీల కిందికి దిగడం కొత్త కాదు. ఉట్నూరు, సిర్పూర్ వైపు ఇంకా గట్టిగా ఉంటుంది. మే నెలలో ఇదే జిల్లా 45 డిగ్రీలకు కాలుతుంది. ఒకే నేల మీద ఈ రెండూ అనుభవించిన మనుషులకు కాక విలువా తెలుసు, ప్రమాదమూ తెలుసు.

అమ్మ వాకిట్లో కుంపటి పెట్టుకుని కూర్చుంది. "బిడ్డా, కాడికి రా, సలికి బిగుసుకపోతవ్" అని పిలిచింది. చీర కాస్త పైకి జరిపినప్పుడు పిక్కల మీద వల అల్లినట్టు గోధుమ రంగు చారలు కనిపించాయి.

"గివేంది అమ్మా?"

"నెగడు మచ్చలు. చలికాలం అయిపోతే పోతయి. నీ అమ్మమ్మకు గూడ ఉండె."

పోతాయి, ఒక చలికాలానికైతే. ఏళ్ల తరబడి అదే చోట అదే సెగ తగిలితే ఆ చారలు ఉండిపోతాయి. అరుదుగా అక్కడే పుండు పడి క్యాన్సర్‌గా మారుతుంది. కాశ్మీర్‌లో చలికి ఫిరన్ అనే వదులు అంగీ లోపల నిప్పుల కుండ పెట్టుకుంటారు, దాన్ని కాంగ్రీ అంటారు. తొడలకు, పొట్టకు వచ్చే ఆ క్యాన్సర్‌కు వైద్య గ్రంథాల్లో కాంగ్రీ పేరే ఉంది. ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని పని చేసే పిల్లల తొడల మీద కూడా ఇవే చారలు కనిపిస్తున్నాయి. అమ్మను కుంపటికి ఇంకో బారెడు దూరం జరిపాను. పడుకునే గదిలోకి మాత్రం కుంపటి తీసుకుపోవద్దని ఒట్టు వేయించుకున్నాను. తలుపులు మూసిన గదిలో బొగ్గు వదిలే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, రంగు లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

సాయంత్రం ఉట్నూరు వైపు నుంచి చుట్టం ఒకామె ఇప్పనూనె సీసా తెచ్చింది. గోండు ఇళ్లల్లో కీళ్లకు, నడుముకు ఇప్పగింజల నూనె కాచి రాయడం తరాల నాటి అలవాటు. అది రాసి, పైన ఉప్పు మూట కాపడం పెట్టి, పొద్దున నీరెండలో కూర్చోబెడతారు. మా ఇంట్లో బాలింతలకు వావిలాకు వేసి కాచిన నీళ్లు పోసేవాళ్లు. చేతులతో రుద్దడం, కాక, తర్వాత వెచ్చగా విశ్రాంతి: ఈ వరుసలో ఒకటి కూడా వృథా లేదు. నీరెండలో ఎరుపూ ఉంది, పరారుణమూ ఉంది. భూమికి చేరే సూర్యరశ్మి శక్తిలో దాదాపు సగం పరారుణమే. కాకను, వెలుగును కలపడం ఆదిలాబాద్ వాకిళ్లకు ఎప్పటి నుంచో తెలుసు. చెక్క గది లేకుండానే.

డిసెంబర్ 23. ఆదిలాబాద్

అమ్మ వాళ్ల వీధిలో ఉండే ఆయుర్వేద వైద్యులను కలిశాను. రిటైరైనా పుస్తకాలు వదల్లేదు. సౌనా మాట ఎత్తగానే చరక సంహిత సూత్రస్థానం పద్నాలుగో అధ్యాయం తీసి ముందు పెట్టారు. అగ్నితో చెమట పట్టించే పద్ధతులు పదమూడు చెప్పాడు చరకుడు. అందులో జేంతాక స్వేదం చదువుతుంటే ఫిన్లాండ్ కళ్లకు కట్టింది.

నీళ్ల ఒడ్డున మంచి నేల చూసి గుండ్రటి ఇల్లు కట్టాలి. ఎత్తు, వెడల్పు పదహారేసి మూరలు. మట్టితో మెత్తి, గాలికి చాలా కిటికీలు పెట్టాలి. లోపల గోడ పొడుగునా మూరెడు ఎత్తు అరుగు. నడుమ మనిషెత్తు మట్టి పొయ్యి, దానికి సన్నని రంధ్రాలు. చండ్ర కట్టెలు కాలి, పొగ పోయి, నిప్పుల సెగ మాత్రం మిగిలాక ఒంటికి నూనె రాసుకుని, బట్ట కప్పుకుని లోపలికి పోయి అరుగు మీద పడుకోవాలి. చెమట పట్టి ఒళ్లు తేలికయ్యాక ఆ అరుగునే ఆసరా చేసుకుని తలుపు దాకా రావాలి. సొమ్మసిల్లినా అరుగు వదలొద్దని హెచ్చరిక. వదిలితే తలుపు దొరకక ప్రాణం పోవచ్చంటాడు. బయటికి రాగానే చల్లటి నీళ్లు ముట్టుకోరాదు, కళ్లకు మంచిది కాదు. ఒక ముహూర్తం, అంటే 48 నిమిషాలు, ఆగి గోరువెచ్చటి నీళ్లతో స్నానం చేయాలి.

ఇంతకంటే నన్ను పట్టి ఆపింది ఇంకో మాట. కళ్లకు, గుండెకు, వృషణాలకు స్వేదం చేయకూడదు, చేసినా మెత్తగా చేయాలన్నాడు. కళ్లను శుభ్రమైన బట్టతోనో, తామర రేకులతోనో, గోధుమ పిండి ముద్దలతోనో కప్పమన్నాడు. ఇవాళ ఎర్ర ప్యానెల్ ముందు కళ్లద్దాలు పెట్టుకోమంటున్నారు. వారానికి రెండుసార్లు సౌనాలో కూర్చున్న మగవారికి కొన్ని నెలల్లో వీర్యకణాలు తగ్గాయని, మానేశాక మళ్లీ మామూలయ్యాయని ఇటలీలో ఒక చిన్న పరీక్ష 2013లో చూపింది. చెమట పట్టించకూడని వారి జాబితాలో గర్భిణి ఉంది, రోజూ తాగేవాడు ఉన్నాడు, మధుమేహి ఉన్నాడు. రెండు వేల ఏళ్ల కింద ఇంత జాగ్రత్తగా రాసిన నేలలో, ఆ హెచ్చరికలు లేకుండా ఇప్పుడు వేడిని అమ్ముతున్నారు.

నిప్పు లేకుండా చెమట పట్టించేవి పది చెప్పాడు. వ్యాయామం మొదటిది. ఆకలి, భయం, కోపం కూడా ఉన్నాయి. చివరిది ఎండ.

జనవరి 2, 2025. కరీంనగర్

గోదావరిఖని నుంచి వచ్చే పెద్దాయన రిటైర్డ్ కార్మికుడు, ఆయనను కాక అని పిలుస్తాం. సింగరేణి భూగర్భ గనిలో చేసినవాడు. నడుము పట్టేసింది, గుండెకు స్టెంట్ ఉంది. వేడి గది సంగతి విని నవ్వాడు.

"ముప్పై ఏండ్లు గా ఉక్కలనే ఉంటిని బిడ్డా. మళ్ల పైసలిచ్చి చెమట పట్టిచ్చుకోవాల్నా?"

ఈ మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను. గనిలో కూడా వేడే, సౌనాలో కూడా వేడే. ఒకటి మనిషిని అరగదీసింది, మరొకటి కాపాడుతుందని అంటున్నాం. తేడా ఎక్కడుంది? గనిలో ఒళ్లు కష్టపడుతుంది, లోపలి నుంచే వేడి పుడుతుంది. గాలిలో తేమ నిండి చెమట ఆరదు, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఎప్పుడు బయటికి రావాలో షిఫ్టు చెప్తుంది, ఒళ్లు చెప్పదు. సౌనాలో మనిషి ఊరికే కూర్చుంటాడు, గాలి పొడిగా ఉంటుంది, చాలు అనిపించగానే లేచి వస్తాడు, వెంటనే నీళ్లు, విశ్రాంతి. మన ఎండల్లో ఉపాధి పనికి పోయి వడదెబ్బ తగిలి పడిపోయే కూలీకి లేనిది ఆ లేచి వచ్చే స్వేచ్ఛే.

ఫిన్లాండ్‌లో 80 నుంచి 100 డిగ్రీల పొడి వేడి మామూలు. ఆ దేశ జనాభా సుమారు 55 లక్షలు, సౌనాలు 30 లక్షల దాకా ఉన్నాయంటారు. 2020లో యునెస్కో ఆ సంప్రదాయాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. కుయోపియో ప్రాంతంలో 2315 మంది నడివయసు మగవారిని సుమారు ఇరవై ఏళ్లు గమనించి 2015లో ఫలితాలు ప్రకటించారు. వారానికి ఒక్కసారి సౌనాకు పోయేవారితో పోలిస్తే, నాలుగు నుంచి ఏడు సార్లు పోయేవారిలో హఠాత్తుగా గుండె ఆగి చనిపోవడం 63 శాతం తక్కువ. ఇది గమనించి చేసిన అధ్యయనం. వారానికి ఏడుసార్లు సౌనాలో కూర్చోగలిగిన మనిషికి తీరిక ఉంటుంది, మొదటి నుంచే ఆరోగ్యం ఉండొచ్చు. ఆ భాగాన్ని లెక్కల్లో ఎంత సరిచేసినా మొత్తం పోదు. అయినా అంత పెద్ద తేడాను తోసిపుచ్చలేం. సౌనాలో గుండె నిమిషానికి 100 నుంచి 150 సార్లు కొట్టుకుంటుంది, రక్తనాళాలు విచ్చుకుంటాయి, బీపీ కొంత దిగుతుంది. చురుగ్గా నడిచినప్పుడు గుండె చేసే పని కూడా ఇంచుమించు ఇంతే.

జపాన్‌లో కగోషిమా విశ్వవిద్యాలయం డాక్టరు చువా టే గుండె బలహీనపడిన రోగులకు వావోన్ అనే పద్ధతి తెచ్చాడు. 60 డిగ్రీల పొడి వేడిలో 15 నిమిషాలు, బయటికి వచ్చాక దుప్పటి కప్పుకుని అరగంట పడక, పోయిన చెమటకు సరిపడా నీళ్లు. ఆ పద్ధతి మొత్తం ఆసుపత్రిలో, పక్కన డాక్టరు ఉండగా జరుగుతుంది. మా కాకకు ఇదంతా చెప్పి, స్టెంట్ వేసిన డాక్టరు ఒప్పుకోకుండా ఏ వేడి గదిలోకీ పోవద్దన్నాను. నడుముకు దీపం పెట్టి, వంతెన వ్యాయామం చేయించాను. మానేరు కట్ట మీద పొద్దున నడవమన్నాను.

జనవరి 8

పట్నంలో కొత్తగా తెరిచిన ఒక సౌనా కేంద్రానికి వెళ్లి చూశాను. బ్యాంకు సారు వెంటపడితే ఇద్దరం పోయాం. శుభ్రంగా ఉంది, మర్యాదగా మాట్లాడారు. వేడి గది లోపలే గోడకు ఎర్ర ప్యానెల్ బిగించారు.

ఇక్కడ యంత్రం లెక్క చూడాలి. వేడెక్కే కొద్దీ ఎర్ర ఎల్‌ఈడీ వెలుగు తగ్గుతుంది. 45, 60 డిగ్రీల గదిలో అది చల్లటి గదిలో ఇచ్చినంత ఇవ్వదు. మనిషి కూర్చునే బల్లకు, ప్యానెల్‌కు మధ్య దూరం ఎక్కువ. దూరం పెరిగే కొద్దీ ఒంటి మీద పడే వెలుగు వేగంగా పడిపోతుంది. పరీక్షల్లో ఫలితం ఇచ్చిన మోతాదు చర్మానికి ఆనించో, చాలా దగ్గరగానో ఇచ్చినది. కొన్ని సౌనాల్లో ఉండే ఎర్ర బల్బు అయితే గది అందంగా కనబడడానికి పెట్టిన రంగు దీపమే, దానికి చికిత్స శక్తి లేదు. తరంగదైర్ఘ్యం ఎంత, దగ్గర ఎన్ని మిల్లీవాట్లు అని అడిగాను. కరపత్రంలో ఆ అంకెలు లేవు.

రెండూ కలిపితే విడివిడిగా వచ్చే మేలుకంటే ఎక్కువ వస్తుందని చూపించిన పెద్ద పరీక్ష లేదు. ఉన్న మేలు రెండు వేర్వేరు సంచుల్లో ఉంది. అందుకే ఎవరైనా రెండూ కావాలంటే నేను చెప్పే వరుస ఇది. ముందు వెలుగు. పొడి చర్మం మీద, నొప్పి ఉన్న చోటుకు దగ్గరగా, కళ్లు కప్పుకుని, పది పదిహేను నిమిషాలు. ఎక్కువసేపు పెడితే ఎక్కువ మేలు అన్న సూత్రం ఈ వెలుగుకు వర్తించదు, మోతాదు దాటితే ఫలితం తగ్గుతుందని ప్రయోగశాలల్లో చూశారు. ఆ తర్వాత వేడి. మొదటిసారి ఐదు పది నిమిషాలు చాలు. తర్వాత నీళ్లు, మజ్జిగ, కనీసం అరగంట కూర్చోవడం. వేడి గది నుంచి లేవగానే బండి తీయొద్దు, బీపీ దిగి కళ్లు తిరుగుతాయి.

బ్యాంకు సారు మోకాలికి ఏం కావాలో దారిలో మాట్లాడుకున్నాం. తొడ ముందు కండరం బలపడాలి, ఐదారు కిలోల బరువు తగ్గాలి. ఈ రెంటికీ ఆ గదిలో చోటు లేదు. అయినా చలికాలం నెలకు రెండుసార్లు సౌనాలో కూర్చోవడం ఆయనకు హాయిగా ఉంటే, గుండె పరీక్షలు బాగున్నాయి కాబట్టి నేను వద్దనను. హాయి కూడా ఆరోగ్యంలో భాగమే. నిద్ర బాగా పట్టిందని ఆయన అంటే నమ్ముతాను. వేడి తర్వాత ఒళ్లు చల్లబడేటప్పుడు నిద్ర ముంచుకొస్తుంది.

మంగు మచ్చలు పోతాయని ముఖానికి ప్యానెల్ పెట్టుకుంటున్న ఇద్దరు ఆడవాళ్లు అక్కడ కనిపించారు. మంగుకు వేడి విరోధి. అది వాళ్లకు నేరుగా చెప్పాను, చర్మ డాక్టరును కలవమన్నాను.

జనవరి 16

పండక్కి ఊరెళ్లి వచ్చిన పెద్దమ్మను కొడుకు ఎత్తుకుని తెచ్చాడు. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. చలికి పాదాలు చల్లబడ్డాయని రాత్రి వేడినీళ్ల సంచి పెట్టుకుని పడుకుంది. తెల్లారేసరికి రెండు మడమలకూ బొబ్బలు. "నొయ్యలే బిడ్డా, ఏమీ తెల్వలే" అంటోంది. నొయ్యకపోవడమే రోగం. వెంటనే సర్జన్ దగ్గరికి పంపాను.

జనవరి 29. ఇంద్రవెల్లి దారిలో

పుష్య అమావాస్య. కేస్లాపూర్‌లో గోండుల నాగోబా జాతరకు అమ్మను తీసుకొచ్చాను. మెస్రం వంశం వాళ్లు జన్నారం మండలం హస్తలమడుగు నుంచి గోదావరి నీళ్లను కాలినడకన, చెప్పులు లేకుండా మోసుకొస్తారు. ముసలివాళ్లు కూడా ఆ నడకలో ఉన్నారు. రాత్రి మర్రి చెట్ల కింద నెగళ్లు, వాటి చుట్టూ కాళ్లు చాపుకున్న మనుషులు, పిక్కలకు ఇప్పనూనె. అంత దూరం నడిచిన గుండెకు, రాత్రి అందిన కాకకు, పొద్దున పడే ఎండకు ఇంకేం కలపాలి? పల్లెలో ఉన్నదంతా ఆరోగ్యమే అని నేను అనను. ఇక్కడ రక్తహీనత ఉంది, ఆసుపత్రి దూరం ఉంది. నడక మాత్రం ఉంది. కరీంనగర్‌లో మేం డబ్బిచ్చి గుండెను కొట్టించుకోవాలనుకుంటున్నది ఆ నడక పోయాకే.

ఫిబ్రవరి 8. కరీంనగర్

చలి తగ్గుతోంది. ఇంకో నెలకు ఈ పట్నంలో ఎవరికీ వేడి గది అవసరం ఉండదు. మధ్యాహ్నం మేడ మీద గదే సౌనా అవుతుంది. ఎండాకాలంలో బయట పని చేసి వచ్చినవాళ్లు, నీళ్లు సరిగా తాగనివాళ్లు, బీపీకి నీరు పోయే మాత్ర వేసుకునేవాళ్లు అప్పుడు సౌనాకు పోకపోవడమే మంచిది. గర్భిణులు ఏ కాలంలోనూ వద్దు. మందు తాగి అసలే వద్దు. ఫిన్లాండ్‌లో సౌనా మరణాల్లో మద్యం పాత్ర చాలాసార్లు బయటపడింది.

బ్యాంకు సారు మోకాలు ఇప్పుడు మెట్లెక్కుతోంది. వ్యాయామం మానలేదు. బీడీల అక్క చాటను పీట మీదికి మార్చింది, వేళ్ల తిమ్మిరి కొంత తగ్గింది. లేజరు ఎంత, పీట ఎంత అని విడదీసి చెప్పలేను. రెండూ కొనసాగిస్తున్నాం.

పెద్దమ్మ మడమల పుండ్లు ఇంకా మానలేదు.

వేడి దీపం, వేడి గది, ఎర్ర ప్యానెల్ నడిపే ప్రతి ఒక్కరికీ, కరీంనగర్‌లోనైనా ఆదిలాబాద్‌లోనైనా, నా విన్నపం ఒక్కటే. స్విచ్ వేసే ముందు రెండు గాజు గొట్టాలు తీసుకోండి. ఒకదానిలో గోరువెచ్చటి నీళ్లు, ఒకదానిలో చల్లటి నీళ్లు పోయండి. ఎదుటి మనిషిని కళ్లు మూసుకోమని, చికిత్స చేయబోయే చోట ఒకదాని తర్వాత ఒకటి ఆనించి ఏది వేడి, ఏది చల్లన అని అడగండి. చెప్పలేకపోతే ఆ రోజు స్విచ్ వేయకండి, షుగర్ పరీక్షకు పంపండి. రెండు నిమిషాల పని ఇది, ఖర్చు లేదు.